ఎత్తు బండి

ఎర్రగుంట్ల స్టేషను బయట, వ్యాగన్లకెక్కించాల్సిన నాపరాళ్ళ దొంతరకు ఆనించి ఉంది మోటారు సైకిలు.

మిలిటరీ ఆకుపచ్చ. కొనడానికి వచ్చిన లేవికి దాని సీటు బొడ్డు దాకా వచ్చింది.

యుద్ధం ముగిసి ఏడాదైంది. పటాలం వేలం వేసిన సామాను మద్రాసులో కొనుక్కొచ్చి ఇక్కడ అమ్ముకుంటున్న మహానంది, లేవిని పైనుంచి కిందికి చూశాడు.

"నీ కాళ్ళు నేలకు ఆనవు గదప్పా. పొట్టి బండి ఇంగోటుండాది, సూస్తావా?"

లేవి వద్దన్నాడు. బర్మా అడవుల్లో ఇట్లాంటి బండి మీదే యుద్ధమంతా సైన్యానికి కబుర్లు మోశాడతను. అప్పుడూ ఆనేవి కావు.

ఇప్పుడు ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసే ఉద్యోగం వచ్చింది. కాలినడకన తిరిగేవి కావు ఆ ఊళ్ళు.

నడిపి చూసి చెప్తానన్నాడు. వాగు దాకా పోయి రమ్మన్నాడు మహానంది. వాగు కాదు, మా ఊరి దాకా పోయొస్తానన్నాడు లేవి. అంత దూరమైతే మీ అమ్మను పూచీగా ఇక్కడ కూర్చోబెట్టి పొమ్మని నవ్వాడు మహానంది.

"అమ్మ గూడా వస్తాది."

రాళ్ళ నీడలో కూర్చున్న విశ్వాసమ్మ ఆ మాట విని లేచి నిలబడింది. కొడుకు బేరం చూద్దామని వచ్చింది గాని, తానూ ఎక్కుతానని అనుకోలేదు.

మహానంది సరేనని తలూపేసరికి, లేవి వెనక చట్రం మీద గోనెసంచి మడిచి వేశాడు. ఆమె నాపరాళ్ళ దొంతర ఎక్కి, అక్కణ్ణుంచి బండి మీదికి జరిగి, కాళ్ళు ఒక పక్కకు వేసుకుని కూర్చుంది. కొడుకు చొక్కా గట్టిగా పట్టుకుంది.

రెండు తన్నులకు ఇంజను అందుకుంది. స్టేషను కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

ఎర్రగుంట్ల దాటేదాకా ఆమె కళ్ళు మూసుకునే ఉంది. పెదాల మీద కీర్తన ఆడుతూనే ఉంది.

కోత అయిపోయిన జొన్నచేల మీదుగా వేడిగాలి కొట్టింది. దారి గతుకులకు తల్లి గడ్డం కొడుకు వీపుకు తగులుతోంది. ఎక్కడో ఆమె కళ్ళు తెరిచింది.

సుబ్బయ్య చేను వచ్చింది. వాళ్ళ ఊళ్ళో పెద్ద రైతు ఆయన. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆ చేలోనే ఆమె కలుపు తీసింది. ఒక సాలు పట్టుకుంటే అవతలి గట్టు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది.

"అప్పుడే అయిపాయనా చేను?" అని అడిగింది కొడుకును.

గాలికి ఆ మాట అతనికి వినబడలేదు.

ఊరి ముందర దావ రెండుగా చీలుతుంది. ఎడమది కంపచెట్ల మధ్య నుంచి, ఊరి వెనకగా, గుడిసెల నడుమ చర్చి ఉన్న వాళ్ళ పేటకు పోతుంది. కుడిది ఊరి నడివీధి. పేటవాళ్ళు ఆ వీధిలో పోవాల్సి వస్తే చెప్పులు చేతబట్టుకుని, గోడవారగా, గబగబా పోతారు. బండెక్కి పోయినవాళ్ళు లేరు.

లేవి ఎడమకు తిప్పబోయాడు.

తల్లి చెయ్యి భుజం మీద పడింది.

"ఊళ్ళో నించి పో."

అతను వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. కుడికి తిప్పాడు.

ఆ చప్పుడుకు అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. బిందెతో ఎదురొస్తున్న ఆడమనిషి గోడకు జరిగి దారిచ్చింది.

చావడి ముందు ఎద్దులబండి అడ్డంగా ఉంది. ఆపక తప్పలేదు.

లేవి ఎడమ కాలి మునివేళ్ళు మాత్రమే నేలకు తగిలాయి. మోటారు సైకిలు ఒరగబోయింది. పంటి బిగువున నిలబెట్టాడు. ఇనుము బరువూ, తల్లి బరువూ ఆ వేళ్ళ మీదే.

చావడి మెట్టు మీద సుబ్బయ్య కూర్చుని ఉన్నాడు. వాళ్ళను చూడటానికి ఆయన తలెత్తాల్సి వచ్చింది.

"ఎవురిదిరా ఈ బండి?"

లేవి నోటికి పాత అలవాటే వచ్చింది.

"ఇంగా కొనలేదు సామీ. ఊరికే నడిపి సూస్తాండా..."

"మా వానిదే," అంది విశ్వాసమ్మ వెనక నుంచి. "ఈ పొద్దే తీసుకున్న్యాడు."

సుబ్బయ్య ఆమె వైపు చూశాడు. ఆమె చూపు దించలేదు.

ఇంజను ఒక్కటే కొట్టుకుంటోంది. లేవి మునివేళ్ళను ఇంకా గట్టిగా నేలకు అదిమాడు.

చివరికి సుబ్బయ్య చెయ్యి విదిలించాడు. జీతగాడు ఎద్దుల ముకుతాడు పట్టి బండిని పక్కకు లాగాడు.

లేవి కాలు పైకి తీసుకున్నాడు. మిగిలిన వీధంతా ఒక్క ఊపున దాటేద్దామని పిడి తిప్పబోయాడు.

తల్లి అతని చెవి దగ్గరికి వంగింది.

"మెల్లగా పో నాయనా."