మూడు లక్షల తొంభై వేల అడుగులు

"నీ బ్యాండు ఎవరి చేతికి కట్టావో ఒప్పేసుకో బిందూ," అన్నాడు వీరబాబు, నూనె లేకుండా వేయించుకున్న పెసరట్టు తుంచుతూ.

మంగళగిరి టిఫిన్ సెంటర్లో ఒకే ఆఫీసు వాళ్ళు నలుగురు ఆదివారం పొద్దున్నే కూర్చున్నారు. ఆఫీసులో పెట్టిన నడక పోటీకి అది ఆఖరి రోజు. చేతికి కట్టుకున్న బ్యాండు అడుగులు లెక్కపెడుతుంది. నెలరోజుల్లో ఎవరివి ఎక్కువైతే వాళ్ళు ఫస్టు. ఫోన్లో జాబితా తీస్తే అందరికంటే పైన బిందుమాధవి పేరుంది, మూడు లక్షల తొంభై వేల అడుగులతో. దాని కిందే వీరబాబు, పదివేలు తక్కువ.

"ఎవరికీ కట్టలేదు. నేనే నడిచాను," అంది బిందుమాధవి. ఆమె ప్లేట్లో రెండో ఇడ్లీ అలాగే ఉండిపోయింది.

"లిఫ్టు చెడిపోతే రెండో అంతస్తుకి రావడానికి మూడుచోట్ల ఆగుతావు. నువ్వు రోజుకి పదమూడు వేల అడుగులు వేశావా? మిర్చియార్డులో టిక్కీ తనంతట తనే లేచి నడిచిందంటే నమ్మమంటావా?"

పక్కనున్న వాసిం నవ్వాడు. నవ్వకూడదని తెలుసు, అయినా నవ్వాడు. కాయలు కుక్కి కుట్టిన గోతాన్ని యార్డులో టిక్కీ అంటారు. బిందుమాధవికి ఆఫీసులో ఆ పేరు పెట్టింది వీరబాబే. అతను రాత్రిపూట అన్నం మానేసినవాడు, జిమ్ముకెళ్ళేవాడు, లావుగా ఉన్నవాళ్ళంతా బద్ధకస్తులని గట్టిగా నమ్మేవాడు. అలాంటి నమ్మకానికి నోరు కూడా తోడైతే పక్కసీటు వాళ్ళ బతుకెలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

"నేనూ వాళ్ళ వీధిలోనే అద్దెకుంటున్నాను మేడమ్," అన్నాడతను, పోటీ పెట్టిన హెచ్ఆర్ మహిమ వైపు తిరిగి. "వాళ్ళమ్మ మగ్గం నేస్తుంది. ఈ బ్యాండు కట్టుకుని నేస్తే తాడు లాగినప్పుడల్లా ఒక అడుగు పడుతుంది. కూర్చున్నచోటు నుంచి కదలకుండా రోజుకి ఇరవై వేలు లాగొచ్చు."

మహిమ చెయ్యి కడుక్కుని వచ్చింది. "మోసమని తేలితే నేను నీ పేరు తీసేసి అందరికీ మెయిల్ పెట్టాల్సి వస్తుంది బిందూ. కాదని తేలితే వీరబాబు నీకు సారీ చెప్పాలి. పదండి, వాళ్ళ అమ్మగారినే అడుగుదాం."

"ఆదివారం పూట పెద్దావిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకులెండి మేడమ్," అన్నాడు వీరబాబు.

"మా మగ్గాలకి ఆదివారం సెలవు లేదు, అమావాస్యే. రండి," అంటూ బిందుమాధవి లేచింది. లావని రోజూ మాట పడుతూనే ఉంది. రేపటి నుంచి దొంగ అని కూడా పడాలంటే ఆమె వల్ల కాదు. అలాంటి మెయిల్ వెళ్ళాక మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కే ముఖం ఉండదు.

వీధికి రెండువైపులా మగ్గాల చప్పుడు. వాళ్ళని చూసి బిందుమాధవి తల్లి చెంచమ్మ మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకుని కుర్చీలు వేయబోయింది. మహిమ వద్దని, ఉన్న విషయం ఉన్నట్టు అడిగింది.

చెంచమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. గాజులు తప్ప ఏమీ లేవు.

"నాకెందుకమ్మా అయ్యన్నీ. పిల్ల నాలుగింటికి లేచి కొండ చుట్టూ తిరిగి ఆరింటికొచ్చుద్ది. చీకట్లో కుక్కలుంటాయే, తెల్లారాక పోవే అంటే వినదు. తెల్లారితే జనం చూసి నవ్వుతారమ్మా అంటది."

బిందుమాధవి గోడ వైపు తిరిగి నిలబడింది. వాసింకి టిఫిన్ సెంటర్లో నవ్వినందుకు సిగ్గేసింది. పోటీ పెట్టినప్పుడు మహిమ బహుమతి గురించి ఆలోచించింది గానీ, పగటిపూట నడవలేని మనిషి ఒకరుంటారని అనుకోలేదు.

"కన్నతల్లి కూతుర్ని కాదంటుందా మేడమ్?" అన్నాడు వీరబాబు. అన్నాడే గాని అప్పటికే ఒక కాలు గుమ్మం బయట ఉంది. "సాక్ష్యం అంటే బయటివాళ్ళు చెప్పాలి. సరే వదిలేయండి, ఎండెక్కుతోంది, వెళ్దాం."

"ఉండవయ్యా. బయటివాళ్ళే చెబుతారు," అంది చెంచమ్మ. వీధిలోకి వచ్చి ఎదురింటి వైపు కేకేసింది. "పిన్నీ, ఓ వెంకటరావమ్మ పిన్నీ, ఒకసారి ఇట్రా. మా పిల్ల పొద్దున్నే నడకకి పోవటం నువ్వు చూస్తానే ఉంటావు కదా, ఈళ్ళకి చెప్పు."

ఎదురింట్లో మగ్గం ఆగింది. వీరబాబు అద్దెకుండేది ఆ ఇంటి మేడ మీదే. డెబ్భై ఏళ్ళ వెంకటరావమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ వీధి దాటి వచ్చింది. నలుగురిలో వీరబాబుని చూడగానే ఆమె ముఖం విప్పారింది. చెంచమ్మ అడిగిన మాట వదిలేసి, అతని ముందుకు కుడిచెయ్యి చాపింది.

"వచ్చేశావా నాయనా, ఇదిగో విప్పుకో. తెల్లారగట్ల నుంచి మగ్గం దిగలేదు, ఇయ్యాల ఎన్ని అడుగులు నడిచావో చూసుకో."