డెబ్బై మూడో నంబరు

యుద్ధం వచ్చాక గూడ్సు బండ్ల మీద ఊరి పేరు రాయడం మానేశారు. చివరి పెట్టె మీద సుద్దతో నంబరొక్కటే. రేణిగుంట రైల్వే క్వార్టర్సులో తిరుమలమ్మకు తెలిసిందల్లా ఒకటే: డెబ్బై మూడు కనబడితే తన భర్త, గార్డు సుందరరాజు ఇంటికొస్తున్నట్టు. అప్పుడే ఎసట్లో బియ్యం పోస్తుంది.

నిన్నంతా రాని డెబ్బై మూడు ఈ మధ్యాహ్నం కిటికీ ముందు నుంచి పోయింది. ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుని బియ్యం పోసింది.

గుమ్మంలోకి వేరే గార్డు వచ్చాడు. అతని చేతిలో సుందరరాజు డ్యూటీకి తీసుకెళ్ళే పెట్టె ఉంది.

"నిన్న ఆ బండి వాగులో పడిపోయిందమ్మా. అన్న పోయినాడు. ఈ పొద్దు ఆ నంబరు నా బండికి ఏసినారు."

తిరుమలమ్మ పొయ్యి మీది ఎసరు దించింది.

"నీ నంబరు మారిందని నీ పెండ్లానికి సెప్పినావా అప్పా? ఆయమ్మ పాత నంబరు కోసం సూస్తా ఉంటాది."