మొరాయించే కంప్యూటర్

గుమాస్తా కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి లోపలికి తొంగిచూశాడు. చేతిలో కంప్యూటర్ వేగం పెంచే కొత్త ఎస్ఎస్‌డీ డ్రైవ్ ఉంది. అది దూరే చోటు మాత్రం ఎక్కడా కనబడలేదు.

వెంటనే షాపతనికి వీడియో కాల్ చేశాడు.

"ఏమయ్యా, చిన్న బిళ్ల, గుచ్చేస్తే అయిపోతుందన్నావ్! ఎక్కడ గుచ్చమంటావ్ దీన్ని?"

"మదర్‌బోర్డు ఏ మోడలో కనుక్కుని రమ్మన్నాను కదా సార్! డెస్క్‌టాపులన్నీ ఒకటేలే, ఇచ్చెయ్యమన్నారు మీరు. ఇవి రెండు రకాలు. ఒకటి పెట్టెలా ఉంటుంది, కేబుల్‌తో తగిలించుకోవచ్చు. మీరు తీసుకెళ్లింది బోర్డులోనే గుచ్చేది. దానికి సరిపడే గాడి, అదే స్లాట్, ఉండాలి."

"లేకపోతే?"

"సీలు తీసేశారుగా. ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు సార్."

డ్రైవ్ వృథా అయితే అయింది. గుమాస్తా భయమంతా ఆఫీసరు గురించే. ఆఫీసరుగారు కవి. ఆయన కవితల్ని పుస్తకంగా కూర్చిపెట్టడం మా ఆవిడకి రెండు రోజుల పని అని గుమాస్తా ఓ రోజు హుషారులో నోరు జారాడు. పుస్తకాలకి కంప్యూటర్లో పేజీలు కట్టడమే ఆవిడ వృత్తి, ఇంట్లోనే చేస్తుంది. కానీ నెలలు గడిచినా ఈ పుస్తకం మాత్రం కదలడం లేదు. ఎప్పుడడిగినా, "ఏం చెయ్యనండీ, కంప్యూటర్ మొరాయిస్తోంది. ఒక్క పేజీ తెరుచుకునేసరికి తాతలు దిగివస్తున్నారు" అంటుంది. ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ కూడా ఎరగని గుమాస్తా, నిజమే కాబోలనుకున్నాడు.

ఇవాళ ఆఫీసరు గదిలోకి పిలిచి తలుపు మూశాడు. "పుస్తకం చేతికొచ్చిన రోజునే ఈ ఉద్యోగానికో దణ్ణం పెట్టేసి, హాయిగా ఇంట్లో కూర్చుని రాసుకుందామనుకుంటున్నానయ్యా. నువ్వేమో కాళ్లకి అడ్డం పడుతున్నావు. సోమవారానికి నా బల్ల మీదికి రాలేదో, బదిలీల్లో మొదటి పేరు నీదే" అన్నాడు.

అందుకే భార్య బజారుకెళ్లిన సందు చూసుకుని గుమాస్తా స్క్రూడ్రైవర్ పట్టాడు. ఆ పెట్టెలో ఆవిడ చేసిన పనంతా ఉంది. ఏదైనా తేడా వస్తే ఆఫీసరు కంటే ముందు ఆవిడే అతన్ని బదిలీ చేస్తుంది.

"ప్లగ్గు పీకారా సార్?" అన్నాడు షాపతను.

"పీకాను. నాలుగుసార్లు చూసుకున్నాను."

"ఫోన్ కాస్త కిందికి దించండి. ఇంకొంచెం. అదిగో, ఫ్యాను కింద వెడల్పాటి లోహపు పట్టీ ఉంది చూడండి. స్లాట్ దాని కింద ఉండొచ్చు. ముందు క్యాబినెట్‌ని ఓసారి ముట్టుకోండి, ఒంట్లో కరెంటు పోతుంది."

"నా ఒంట్లో కరెంటు పొద్దున్నే పోయిందిలేవయ్యా!"

అయినా ముట్టుకున్నాడు. చెమటకి స్క్రూడ్రైవర్ జారిపోతోంది. మొదటి స్క్రూ వచ్చింది. రెండోది చేతిలోంచి జారి టప్పున బోర్డు మీద పడి ఎక్కడికో దొర్లింది. ఫోన్ నేల మీద పెట్టి, వేలు దూర్చి, ఊపిరి బిగబట్టి వెతికాడు. ఫ్యాను అంచున దొరికింది. స్క్రూలు రెండూ గుప్పిట్లో బిగించి, పట్టీని మెల్లగా పైకి లేపాడు.

"ఉంది! స్లాట్ ఉందయ్యా!" అన్నాడు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

ఫోన్ తీసి అటు చూపించాడు.

"కనబడుతోందా? స్లాట్ ఉంది!"

"ఉంది సార్. కానీ ఖాళీగా లేదు. అందులో ఆల్రెడీ ఓ డ్రైవ్ ఉంది. కెమెరా దగ్గరికి పెట్టండి... అబ్బో, మీరు కొన్నదాని కంటే ఇది బాగా ఫాస్ట్. ఇంత మంచిది పెట్టుకుని కంప్యూటర్ స్లో అంటారేంటి సార్?"

వీధి తలుపు కిర్రుమంది. గుమాస్తా గభాల్న ఫోన్ కట్ చేశాడు. సంచీతో లోపలికొచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా సిస్టమ్‌ని ఏం చేస్తున్నారండీ?"

"నీకు పని తేలికవుతుందని... అది సరే, ఇందులో ఈ డ్రైవ్ ఎక్కడిది?"

ఆవిడ సంచీ కింద పెట్టి, అతని గుప్పిట విప్పి స్క్రూలు తీసుకుంది. పట్టీ బిగించి, రేకు మూసి, ప్లగ్గు పెట్టి బటన్ నొక్కింది. గుమాస్తా చెమట తుడుచుకునేలోపు తెర వెలిగింది. పాస్‌వర్డ్ కొట్టి ఇంకో నొక్కు నొక్కగానే ఆఫీసరుగారి పుస్తకం, అట్టతో సహా ముస్తాబై ఎదుట నిలబడింది.

"పూర్తయిపోయిందా?" గుమాస్తా తెర మీదికి వంగాడు. "మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"మీ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి."

"అక్కడ నన్ను ఏ మూలకో విసిరేస్తానంటున్నాడే ఆయన! నా కొంప మునుగుతుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

"మీకేం బదిలీ కాదు లెండి. ఆ హామీ తీసుకున్నాకే నేను ఒప్పుకున్నాను."

"ఎవరి హామీ? దేనికి ఒప్పుకున్నావ్? అసలింత ఖరీదైన డ్రైవ్ నీకెవరు కొనిచ్చారు?"

"మీ ఆఫీసరుగారి భార్య" అంది ఆవిడ, కంప్యూటర్ ఆపేస్తూ. "ఎవరడిగినా ఇది స్లోగా ఉందనే చెప్పమని."