ఒంటరి ఆటకు ఒక మనిషి

పూర్ణచంద్ర చెల్లెలి చేతిలోని కాగితం లాక్కుని చదివి నవ్వాడు.

“కత్తి తిప్పతాదంట. తన గాయానికి తానే మందు పూసుకుంటాదంట. తాళాలు కూడా తీస్తాదంట. ఇది మనిషా, అన్నీ దొరికే మళిగ అంగడా?”

“ఒకదాన్నే ఆడుకునేదానికి చేసుకున్నా. పక్కన ఎవురూ ఉండరు గదన్నా, అన్నీ తనకే రావాల,” అంది నందిత.

పాచికలు వేస్తూ, అడవులూ కోటలూ ఊహించుకుంటూ నలుగురు కలిసి ఆడే ఆట అది. ఎవరి పాత్ర పేరు, దానికొచ్చే విద్యలు వాళ్లు ఒక కాగితం మీద రాసుకుంటారు. గుడియాత్తంలో వాళ్ల మిద్దె మీద ఆరేళ్లుగా ప్రతి ఆదివారం సాగుతోంది. అందులో పూర్ణచంద్రది వీరుడి పాత్ర. నందితది ఆ వీరుడికి కట్లు కట్టే వైద్యురాలి పాత్ర. కిందటి ఆదివారం ఆమె వెళ్లలేదు.

“ఒంటిగా కూచోని ఆడేది పిచ్చోళ్లమ్మా. నీకు కత్తి యాడ పట్టేదొస్తాది?” అని అతను కాగితాన్ని మంచం మీదికి విసిరేశాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“ఈ ఆదివారం వచ్చేయ్. పోయిన వారం నువ్వు లేక గంటలో అందరమూ చచ్చినాము.”

నందిత తలెత్తి చూసింది. “ఒకటి చెప్తే వస్తాను. ఆరేండ్లు మీ ఎనకాలే తిరిగింది గదా, ఆ వైద్యురాలి పేరేందో చెప్పు.”

పూర్ణచంద్రకు గుర్తు రాలేదు. ఫోన్ తీసి తమతో ఆడే కాట్పాడి స్నేహితులిద్దరినీ అడిగాడు. వాళ్లకూ తెలియదు.

“మందు పూసేదానికి పేరెందుకు?” అని గొణుగుతూ మెట్లు దిగిపోయాడు.

కొత్త కాగితంలో పేరు రాయాల్సిన చోట నందిత ఆ పాత పేరే రాసింది. నీలాంబరి. తర్వాత పాచికలు చేతిలోకి తీసుకుంది.