క్రషర్ ఆగిన పూట

“సైదాబీ, మీ అమ్జద్ పిలిస్తే పలకడు. ఇంత మొండోణ్ణి ఎట్టా పెట్టుకోను?” అంది అంగన్‌వాడీ టీచరు రత్నకుమారి.

“బరువు బానే ఉన్నాడే,” అంది నర్సు నజీమా. ఇకనుంచి టీచరూ నర్సూ కలిసే తిరగాలని పైనుంచి ఆర్డరు.

కరెంటు పోయి రాళ్ల క్రషర్ ఆగింది. సైదాబీ ఒంటి దుమ్ముతోనే కూలబడింది. “నా మాట వింటాడక్కా, చూడు.”

చెయ్యి ఊపింది. మాటిమాటికీ తల్లివైపు చూస్తూ ఆడుకుంటున్న అమ్జద్, రాతిదుమ్ము కొట్టుకుని పిండిబొమ్మలా తెల్లగా పరుగెత్తుకొచ్చి ఒళ్లో వాలాడు.

“నోటితో పిలవవా?” అంది నజీమా.

“క్రషర్ తిరిగేటప్పుడు ఆ మోతలో ఎవురికి వినపడుద్ది? ఇక్కడ అందరిదీ చేతి సైగే.”

నజీమా వాడి వెనక్కి వెళ్లి గట్టిగా చప్పట్లు కొట్టింది. వాడు తిరగలేదు.

టీచరు గొంతు తగ్గింది. “రేపు ముగ్గురం కలిసి వీణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపోదాం.”



“ఇంకోసారి కొట్టక్కా,” అంది సైదాబీ నజీమాతో.