హాజరు పలికిన గొంతు

పౌర్ణమికి తోడేళ్లయ్యే మనుషులను సర్కారు మా శిబిరంలో గదికొకరిగా బంధించింది. రోజూ పొద్దున అంబలి పోస్తూ నేను పేర్లు పిలవాలి, వాళ్లు పలకాలి. గోడలో మైకు ఉంది, గుసగుసలు మాత్రం దానికి అందవు. ఒక్క గొంతు తగ్గినా వేటకుక్కలను వదులుతారు.

"సుంకులమ్మా."

"ఉన్నానవ్వా."

గొంతు ఆమెదే, వచ్చింది మాత్రం పక్కగదిలోంచి. అక్కడుండేది ఓబులేసు. ఆరేళ్లుగా గోడకు చెవులానించి ప్రేమించుకున్నారిద్దరూ.

"సుంకులమ్మ ఏదిరా?" అని ఓబులేసు తలుపు కంతలోంచి గుసగుసగా అడిగాను.

"రాత్రి పౌర్ణమికి తోడేలై గోడ కింద తవ్వుకుని పోయిందవ్వా. కొండ దాటేదాకా నేను పలుకుతా."

"నువ్వూ పోవాల్సింది గదరా."

"ఇద్దరం పోతే పలికేదెవరు?"

ఆ మాటా మెల్లగా ఆమె గొంతుతోనే అన్నాడు.

"నీ గొంతుతో మాట్లాడరా, భయమేస్తోంది."

"అది ఇక రావడం లేదవ్వా."

మైకు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. "ఓబులేసూ" అని పిలిచి, గొంతు బొంగురు చేసుకుని నేనే పలికాను.