శనివారం మరకలు

“ప్లాస్టిక్ గడ్డి మీద కూడా కిళ్లీ ఉమ్మే మనిషిని ఇక్కడే చూస్తున్నాను.”

సౌజన్య ఆ మాట మొగుడు రఘురాంతో అంది. వినవలసిన మనిషి రెండడుగుల దూరంలోనే, మోకాళ్ల మీద వంగి ఆ గడ్డి తోముతున్నాడు.

ఆయన సూరన్న. రఘురాంకు మేనమామ. ఏక్‌బాల్‌పూర్‌లో ఒంటిగదిలో ఉంటాడు. ముప్పయ్యేళ్లు అక్కడి ఓడరేవు డాక్‌లో మూటలు మోసి, తల్లి పోయిన మేనల్లుణ్ణి చదివించాడు. ఆ మేనల్లుడు ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. అదే నగరంలో, బెహాలాలో మేడ మీద వాటా. వాటా ముందు డాబా. డాబా నిండా పచ్చటి ప్లాస్టిక్ గడ్డి.

గడ్డి వేయించింది సౌజన్యే. కూతురు సమీర పట్టుకుని నిలబడటం మొదలుపెట్టగానే ఆమెకు నిద్ర కరువైంది. గచ్చు మీద పడితే తల పగులుతుంది. మట్టిలో ఆడితే పురుగులు. అందుకని గడ్డి. అది వచ్చాక దాని మీద ఏం చేరుతుందోనని ఇంకో భయం.

రోజూ వాక్యూం పెట్టి లారీల దుమ్ము లాగేది. పావురాల రెట్ట గోకేది. పడుకున్న పోచలు లేచి నిలబడేలా ఎదురు దువ్వేది. శుక్రవారం సాయంత్రం గడప పూజ అయ్యాక గిన్నెలో మిగిలిన నీళ్లు కూడా, పిల్లకు దిష్టి తగలకూడదని గుమ్మంలోంచే దాని మీద చిలకరించేది. శనివారం పొద్దున బకెట్టెడు నీళ్లలో బట్టల సోడా కలిపి మొత్తం కడిగేది. పిల్ల తల దువ్వడానికి రెండు నిమిషాలు చాలు. గడ్డికి గంట పట్టేది.

సూరన్న వచ్చేదీ శనివారమే. మొదటి బస్సు పట్టుకుని వచ్చి, గుమ్మం పక్కన గడ్డి మీద కూచుని మనవరాలిని ఆడించేవాడు.

గడ్డి వేసిన మొదటి శనివారమే ఎర్ర చుక్కలు బయటపడ్డాయి. సోడా నీళ్లు పోసి తోమేసరికి, సరిగ్గా ఆయన కూచున్న చోట, తుంపర్లు తుంపర్లుగా. సౌజన్య వంగి చూసింది. తర్వాత సూరన్న పళ్లకేసి చూసింది. గారపట్టి ఉన్నాయి, ఎర్రగా. ఇంక సాక్ష్యం ఎందుకు?

“ఎండిపోయిన ఉమ్ము ఇంతే. నీళ్లు తగిలితేగానీ బయటపడదు” అని తీర్పు చెప్పింది.

“నాను ఉమ్మినేదమ్మా. పాప పుట్టిన్నాడే కిళ్లీ మానేసినాను. ఒట్టు.”

“మీ పళ్లకు ఆ సంగతి చెప్పలేదా, బాబాయ్‌గారూ?”

రఘురాం నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

మరుసటి శనివారం నుంచి బ్రష్ సూరన్నే అందుకున్నాడు. “నానే కడుగుతానమ్మా, ఎంత సుబ్బరంగా ఉంటాదో సూడు” అని పంచె ఎగగట్టి కూచునేవాడు. సమీర చేతులు చాపితే “ఉండవే తల్లీ, తాత పని అయిపోనీ” అనేవాడు. పని అయ్యేది కాదు. ఎంత తోమితే అంత ఎరుపు. సౌజన్య ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని చూసేది.

“చూశారా? ఎక్కడ ఉమ్మాడో ఆయనకే తెలుసు. వెతుక్కోకుండా అక్కడే తోముతున్నాడు.”

ఇవాళ నాలుగో శనివారం.

“ఏటిరా రఘూ, నువ్వయినా సెప్పరా. నాను అబద్దమాడతానా?” అన్నాడు సూరన్న.

రఘురాం ఫోనులోంచి తలెత్తలేదు. “పోనీ ఒప్పేసుకో మావా. గొడవ వదిలిపోతుంది.”

“సెయ్యని పనికి ఎలాగ ఒప్పుకుంటాన్రా?”

సౌజన్య పిల్లను చంకనేసుకుంది. “వచ్చే ఆదివారం పాప మొదటి పుట్టినరోజు. మా వాళ్లు విజయవాడ నుంచి వస్తున్నారు. బ్యాంకు వాళ్లొస్తారు. వాళ్లను ఈ ఉమ్ముల మీద కూచోబెట్టలేను. మీరు రావద్దు బాబాయ్‌గారూ. ఆ రోజే కాదు, ఇంకెప్పుడూ. పిల్లకు టీబీయో ఏదో అంటుకుంటే ఎవరు చూస్తారు?”

సూరన్న తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. సంచీలోంచి పొట్లం తీశాడు. మెటియాబ్రుజ్‌లో తెలిసిన దర్జీ చేత కుట్టించిన గులాబీరంగు గౌను.

“ఆ రోజున పాపకిది ఎయ్యమ్మా. కూసింత ఒదులుగానే కుట్టించినాను. పెరుగుతాది గదా.”

సౌజన్య రెండు వేళ్లతో అందుకుంది. మరక ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయేదాకా నిలబడి గడియ పెట్టింది. సమీర తలుపుకేసి చెయ్యి చూపించి ఏడ్చింది.

వారమంతా ఆ డాబా మీదికి పరాయి మనిషిని రానివ్వలేదు. శుక్రవారం గడప పూజ మామూలుగానే జరిగింది. శనివారం పొద్దున్నే సౌజన్య బకెట్టు పట్టుకుని వచ్చింది. గడ్డి పచ్చగా నిగనిగలాడుతోంది. ఎర్ర చుక్క ఒక్కటి లేదు.

“చూశారా? మనిషి రాకపోతే మరకా రాలేదు!” అని లోపలికి వినబడేలా కేకేసింది. సోడా నీళ్లు కుమ్మరించి బ్రష్ అందుకుంది.

నిన్న సాయంత్రం తన చేత్తో తాను చిలకరించిన పసుపునీళ్లు, సోడా తగిలిన చోటల్లా, ఒక్కొక్క చుక్కే పారాణిలా ఎర్రబడ్డాయి.